వయల్‌లో మిగిలిన మందు ఎవరిది? ఖరీదైన క్యాన్సర్ మందుల నిర్వహణపై సలహా కోరుతున్నాను

కోస్తా ఫార్మసిస్టు (ప్రశ్న)

మిత్రులకు నమస్కారం. నేను కోస్తా ప్రాంతంలోని ఒక ట్రస్టు ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. ఏడాదిన్నర కిందట మా దగ్గర క్యాన్సర్ విభాగం మొదలైంది. పది పడకల డే కేర్ వార్డు ఉంది, వారానికి మూడు రోజులు కీమోథెరపీ ఇస్తారు. అంతవరకు యాంటీబయాటిక్‌లు, సెలైన్లు, బీపీ మాత్రలు చూసుకున్న నా చేతికే ట్రాస్టుజుమాబ్, రిటుక్సిమాబ్, బెవాసిజుమాబ్, బోర్టెజోమిబ్, నివోలుమాబ్ వంటి మందుల బాధ్యత కూడా వచ్చింది. ఇప్పుడు ఫ్రిజ్‌లోని ఒక్క అరలో ఉన్న మందుల ఖరీదు మిగతా స్టోరంతటి ఖరీదుకు దగ్గరగా ఉంటున్నది.

మార్చి నెలాఖరున స్టాకు సరిచూసినప్పుడు నష్టం మూడు రకాలుగా కనిపించింది. మొదటిది, రోగికి ఆ రోజు కీమో వాయిదా పడడంతో అప్పటికే కలిపి ఉంచిన మందు పారవేయవలసి రావడం. రెండవది, గడువు తీరిపోయిన వయల్స్ (ఇంజెక్షను మందు సీసాలు). డాక్టరు గారు ఒక రోగి కోసం తెప్పించమన్నారు, తెప్పించాము, ఆ రోగి వేరే ఊరి ఆసుపత్రికి వెళ్ళిపోయారు. మూడవదే నన్ను ఎక్కువగా బాధపెడుతున్నది. 440 మి.గ్రా. ట్రాస్టుజుమాబ్ వయల్‌లో రోగికి 360 మి.గ్రా. వాడి, మిగిలిన 80 మి.గ్రా. పారవేస్తున్నాము. ఆ రోగి మాత్రం మొత్తం వయల్‌కు డబ్బు కట్టి వెళుతున్నారు. ఆ మిగులును మర్నాడు వచ్చే రోగికి వాడితే వృథా తగ్గుతుందని మా యాజమాన్యం అంటున్నది. అయితే మొదటి రోగి డబ్బు పెట్టి కొన్న మందును రెండవ రోగికి మళ్ళీ అమ్మడం న్యాయమా అన్న ప్రశ్నకు నాకు సమాధానం దొరకడం లేదు. అనుభవజ్ఞులు ఈ మందులను ఎలా నిర్వహిస్తున్నారో, ముఖ్యంగా మిగులు విషయంలో ఏ పద్ధతి పాటిస్తున్నారో వివరంగా తెలియజేయగలరని ప్రార్థన.

హైదరాబాదు, క్యాన్సర్ ఫార్మసీలో ఇరవై ఏళ్ళుగా

మీరు అడిగిన మూడవ ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే దానిని సరిచేస్తే మిగతా రెండూ సగం సర్దుకుంటాయి.

మీ ఇబ్బంది అంతా మీ కంప్యూటరులో మందును కొలిచే ప్రమాణం దగ్గర ఉంది. మీరు మందును వయల్ లెక్కన కొని, వయల్ లెక్కన అమ్ముతున్నారు, రోగికి ఎక్కించేది మాత్రం మి.గ్రా. లెక్కన. అమ్మకం కూడా మి.గ్రా. లెక్కకు మారిన రోజున మిగులు ఎవరిది అన్న ప్రశ్నకు తావే ఉండదు. వయల్ ఆసుపత్రిది, రోగి తనకు ఎక్కిన 360 మి.గ్రా.లకు మాత్రమే డబ్బు కడతారు, మిగిలిన 80 మి.గ్రా. ఆసుపత్రి స్టాకులోనే ఉంటుంది. అది తరువాతి రోగికి ఉపయోగపడితే ఆసుపత్రికి లాభం, పారవేయవలసి వస్తే ఆసుపత్రికి నష్టం. నష్టం తన మీద పడినప్పుడు యాజమాన్యం కూడా దానిని తగ్గించే ఏర్పాటు గురించి నిజంగా ఆలోచిస్తుంది. రోగి వద్ద పూర్తి వయల్ డబ్బు వసూలు చేసి, మిగులును ఇంకొకరికి ఇచ్చి మళ్ళీ బిల్లు వేయడం ఒకే సరుకును రెండుసార్లు అమ్మడమే. మీ మనసుకు తప్పనిపించినది తప్పే, దానికి ఒప్పుకోకండి. ఆరోగ్యశ్రీ వంటి పథకాల్లో చికిత్సకు ప్యాకేజీ మొత్తం ముందే నిర్ణయమై ఉంటుంది కాబట్టి అక్కడ ఈ రెండు బిల్లుల సమస్య రాదు, పొదుపైన ప్రతి మి.గ్రా. నేరుగా ఆసుపత్రికే మిగులుతుంది.

ఇక పంచుకోవడం సురక్షితమా అన్నది. అన్ని వయల్స్ ఒకటి కావు. 440 మి.గ్రా. ట్రాస్టుజుమాబ్‌తో పాటు పెట్టెలో బ్యాక్టీరియోస్టాటిక్ వాటర్ (సూక్ష్మజీవులను పెరగనివ్వని నీరు) వస్తుంది. అందులో బెంజైల్ ఆల్కహాల్ ఉండడం వలన, దానితోనే కలిపినట్లయితే, 2 నుండి 8 డిగ్రీల మధ్య 28 రోజుల వరకు వాడుకోవచ్చునని తయారీదారులే లేబుల్ మీద చెబుతారు. అదే మందు 150 మి.గ్రా. వయల్‌లో వస్తే అది ఒక్కసారి వాడకానికి ఉద్దేశించినది. పెట్టెలో వచ్చిన నీరు పక్కన పడేసి, అలవాటుగా మామూలు స్టెరైల్ వాటర్‌తో 440 మి.గ్రా. వయల్ కలిపేసిన సందర్భాలు నేను చూశాను. అలా కలిపిన వయల్‌కు 28 రోజుల గడువు వర్తించదు, మిగులు పారవేయవలసిందే. బెంజైల్ ఆల్కహాల్ పడని రోగి విషయంలో మాత్రం కావాలనే స్టెరైల్ వాటర్‌తో కలిపి, ఒక్క డోసు తీసి, మిగతాది వదులుకోవాలి.

లెక్క చూడండి. 60 కిలోల రోగులు 11 మంది, కిలోకు 6 మి.గ్రా. చొప్పున ఒక్కొక్కరికి 360, మొత్తం 3,960 మి.గ్రా. విడివిడిగా అయితే 11 వయల్స్, పంచుకుంటే కాగితం మీద సరిగ్గా 9. సిరంజిలో, వయల్ గోడలకు కొంత పోతుంది కాబట్టి పదవది తెరవవలసి వచ్చినా, ఒక వయల్ మిగిలినట్లే. తెరిచిన ప్రతి వయల్ మీద కలిపిన తేదీ, సమయం, కలిపిన వారి పొట్టి సంతకం, ప్రతిసారీ తీయగా మిగిలినది, పారవేయవలసిన తేదీ రాయండి. ఆ పట్టీ లేని వయల్ ఎంత ఖరీదైనదైనా వాడకండి.

రిటుక్సిమాబ్, బెవాసిజుమాబ్, నివోలుమాబ్ వంటి వాటిలో సూక్ష్మజీవులను ఆపే పదార్థం ఉండదు. వాటి మిగులును రోజుల తరబడి దాచే మాట మరచిపోండి. వాటికి ఉన్న మార్గం ఒక్కటే, ఒకే మందు వాడే రోగులను ఒకే రోజున పిలిపించడం. మీకు వారానికి మూడు రోజులు కీమో ఉన్నది కనుక, మంగళవారం రిటుక్సిమాబ్, గురువారం బెవాసిజుమాబ్ అని డాక్టరు గారితో మాట్లాడి నిర్ణయించుకోండి. రోగికి ఒకటి రెండు రోజులు అటూ ఇటూ కావడం వైద్యపరంగా ఇబ్బంది కాదని డాక్టరు గారు చెప్పిన వారికే ఇది వర్తింపజేయాలి.

ఇన్‌ఫెక్షన్ నియంత్రణ విభాగం, విశాఖపట్నం

పై సలహాకు ఒక షరతు జోడించక తప్పదు. బయోసేఫ్టీ క్యాబినెట్ (వడపోసిన గాలిలో మందు కలిపే పెట్టె) లేని చోట, వార్డులో నర్సింగ్ స్టేషను బల్ల మీద కీమో కలిపే చోట, ఒక వయల్‌ను ఇద్దరు రోగులకు పంచడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. తెల్ల రక్తకణాలు పడిపోయి ఉన్న రోగికి కలుషితమైన మందు ఎక్కితే కలిగే హానికి పొదుపు ఏ విధంగానూ సాటి రాదు. క్యాబినెట్ ఉన్నా, దాని ఫిల్టర్లను, గాలి వేగాన్ని ఏడాదికొకసారి పరీక్షించి ధ్రువపత్రం తీసుకుంటున్నారా? ప్రశ్న అడిగిన వారు ముందుగా ఈ విషయం చెప్పగలరా?

కోస్తా ఫార్మసిస్టు

మా దగ్గర క్యాబినెట్ ఉన్నది, విభాగం మొదలైనప్పుడే అమర్చారు. అయితే ఆ తరువాత పరీక్ష జరగలేదు. అది జరిగే వరకు పంచుకోవడం మొదలుపెట్టకూడదని మీ మాటను బట్టి అర్థం చేసుకున్నాను.

డే కేర్ సిస్టర్

ఫార్మసిస్టు గారికి నమస్కారం. కలిపిన మందు పారవేయడం గురించి వార్డు వైపు నుండి నాలుగు మాటలు చెబుతాను.

మా దగ్గర కూడా మొదట్లో ఇదే జరిగేది. ఉదయం ఎనిమిది గంటలకే జాబితా ప్రకారం మందులన్నీ కలిపి ఉంచేవారు, రోగులు పదకొండు గంటలకు రక్త పరీక్ష ఫలితాలతో వచ్చేవారు. ప్లేట్‌లెట్లు లక్ష దాటలేదనో, న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) సరిపోలేదనో, రాత్రి నుండి జ్వరమనో డాక్టరు గారు ఆపేవారు. ఇప్పుడు మేము పాటించే నియమం చాలా సాధారణమైనది. రోగి కుర్చీలో కూర్చుని, చేతికి క్యాన్యులా (నరంలోకి మందు ఎక్కించే సన్నని గొట్టం) పెట్టించుకుని, డాక్టరు గారు ఆనాటి తేదీతో "ఇవ్వవచ్చు" అని సంతకం చేసిన తరువాతనే కాగితం ఫార్మసీకి వెళుతుంది. క్యాన్యులా ఎందుకంటే, నరాలు దొరకక ఆ రోజు కీమో ఆగిపోయిన రోగులు కూడా ఉన్నారు. దీని వలన రోగి అరగంట, ముప్పావుగంట వేచి ఉండవలసి వస్తుంది. ఆ సమయంలోనే వాంతులు రాకుండా ఇచ్చే ఇంజెక్షన్లు పూర్తి చేస్తాము కనుక ఎవరికీ విసుగు కలగదు.

దూరం నుండి వచ్చే వారికి ముందురోజే వారి ఊరిలో రక్త పరీక్ష చేయించుకుని ఫలితాన్ని ఫోనులో పంపమని చెబుతాము. కంప్లీట్ బ్లడ్ పిక్చర్ ఒక్కటే చూస్తే సరిపోదు. ట్రాస్టుజుమాబ్ తీసుకునే వారికి మూడు నెలలకొకసారి గుండె ఎకో, బెవాసిజుమాబ్ వారికి బీపీ, మూత్రంలో ప్రోటీన్, నివోలుమాబ్ వంటి ఇమ్యూనోథెరపీ (రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి పురికొల్పే చికిత్స) వారికి థైరాయిడ్, లివర్ పరీక్షలు చూడాలి. ఎకో గడువు దాటిందని మందు కలిపిన తరువాత గుర్తిస్తే ఆ తప్పు మనదే అవుతుంది. అందుకని ప్రతి రోగి ఫైలు పైన తరువాతి పరీక్ష తేదీని ఎర్ర సిరాతో రాస్తాము.

ఇంకొక్క విషయం. వయల్‌లో నీటితో కరిగించిన ట్రాస్టుజుమాబ్‌ను ఆ తరువాత సెలైన్‌లోనే కలపాలి, డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) సీసాలో కాదు. వయల్‌ను ఊపకూడదు, నెమ్మదిగా తిప్పాలి. కొత్తగా చేరిన సిస్టర్లు పొడి కరగడం లేదని గట్టిగా ఊపి, నురుగు వచ్చి, సరైన కొలత తీయలేక మందు పోగొట్టడం నేను స్వయంగా చూశాను.

ఒక రోగి కుమార్తె, ఒంగోలు

నేను ఆసుపత్రి ఉద్యోగిని కాను. మా అమ్మగారికి రెండేళ్ళుగా చికిత్స జరుగుతున్నది. మాలాంటి వారి మాట కూడా మీ చర్చలో ఉండాలని రాస్తున్నాను. మొదట్లో మేము చూపించిన ఆసుపత్రిలో మందు బయట కొనుక్కురమ్మని చీటీ రాసి ఇచ్చేవారు. కొంత తగ్గింపు ధరకు దొరుకుతుందని హైదరాబాదు నుండి తెప్పించి, థర్మోకోల్ పెట్టెలో ఐసు ముక్కల మధ్య పెట్టి రాత్రి బస్సులో తెచ్చుకున్నాము. మందు గడ్డకడితే పాడవుతుందని మాకు ఎవరూ చెప్పలేదు. ఆ రోజు ఎక్కించిన మందు మంచిదో కాదో ఈనాటికీ నాకు తెలియదు, ఆ సందేహం నన్ను వదలడం లేదు. మి.గ్రా. లెక్కన బిల్లు వేసే పద్ధతి ఉంటుందని కూడా ఇప్పుడే తెలుసుకున్నాను. బయట నుండి తెచ్చిన మందును మీరు ఎలా చూస్తారో దయచేసి చెప్పండి.

హైదరాబాదు, క్యాన్సర్ ఫార్మసీలో ఇరవై ఏళ్ళుగా

అమ్మా, మీరు చేయగలిగినదంతా చేశారు. చెప్పవలసిన వారు చెప్పకపోవడం మీ తప్పు కాదు.

ఇటువంటి మందులలో కష్టం ఏమిటంటే, గడ్డకట్టి కరిగిన యాంటీబాడీ మందు (ట్రాస్టుజుమాబ్ వంటి ప్రోటీన్ మందు) కంటికి మామూలుగానే కనిపించవచ్చు. అందుకే బయట కొన్న మందును మేము వీలైనంతవరకు అంగీకరించము. తప్పనిసరి అయితే మూడు చూస్తాము. రోగి పేరుతో బ్యాచ్ నంబరు ముద్రించి ఉన్న అసలు బిల్లు, చెక్కు చెదరని సీలు, పెట్టెలో ఉష్ణోగ్రత నమోదు చేసిన సూచిక. ఇవి లేకపోతే డాక్టరు గారికి తెలియజేసి, రోగి బంధువులతో కూర్చుని మాట్లాడతాము. ఇక రోగి స్వయంగా తెచ్చిన వయల్‌లో మిగిలినది రోగి సొత్తు. 28 రోజుల గడువు ఉన్న మందైతే ఆయన పేరు రాసి ఆయన తరువాతి డోసుకే, అంటే మూడు వారాల తరువాత 21వ రోజుకు, వాడతాము. ఇంకెవరికీ ఇవ్వము.

మందు తెచ్చుకునే వారికి ఒక జాగ్రత్త. డీప్ ఫ్రీజర్ నుండి తీసిన ఐస్ ప్యాక్‌ను వెంటనే వయల్‌కు ఆనించి పెట్టకూడదు. దానిని బయట ఉంచి, పైన చెమ్మ పట్టి, ఊపితే లోపల నీరు కదులుతున్న చప్పుడు వచ్చిన తరువాత, మధ్యలో అట్ట అడ్డం పెట్టి సర్దాలి. టీకాలు మోసే సిబ్బంది ఏళ్ళ తరబడి పాటిస్తున్న పద్ధతే ఇది.

మెడికల్ ఆంకాలజిస్టు, గుంటూరు

ఈ విషయంలో ఫార్మసిస్టు ఎంత శ్రద్ధ పెట్టినా, మందు చీటీ రాసే మా చెయ్యి కలవకపోతే ఫలితం సగమే ఉంటుంది.

బోర్టెజోమిబ్ తీసుకుందాము. శరీర ఉపరితలం 1.6 చదరపు మీటర్లు ఉన్న రోగికి చదరపు మీటరుకు 1.3 మి.గ్రా. చొప్పున 2.08 మి.గ్రా. అవుతుంది. స్టోరులో 3.5 మి.గ్రా. వయల్ మాత్రమే ఉంటే 1.42 మి.గ్రా. మిగులుతుంది, కలిపిన తరువాత దాని ఆయుష్షు కొన్ని గంటలే. మన దేశంలో 2 మి.గ్రా. వయల్ కూడా దొరుకుతుంది. డోసును 2 మి.గ్రా.లకు సవరిస్తే తేడా నాలుగు శాతం లోపే, వృథా దాదాపు ఏమీ ఉండదు. అలాగే 68 కిలోల రోగికి కిలోకు 7.5 చొప్పున బెవాసిజుమాబ్ 510 మి.గ్రా. అవుతుంది. 400 ఒకటి, 100 ఒకటి తెరిచిన తరువాత మిగతా 10 మి.గ్రా. కోసం మరొక 100 మి.గ్రా. వయల్ తెరవడం రోగికి ఏ మేలూ చేయదు. అమెరికాలోని ఆంకాలజీ (క్యాన్సర్ వైద్య) ఫార్మసిస్టుల సంఘం 2018లో ఇచ్చిన సిఫార్సు ప్రకారం, రాసిన డోసుకు పది శాతం లోపల ఉండే సవరణ ఆమోదయోగ్యమే. మా ఆసుపత్రిలో దీనిని ఒక పేజీ విధానంగా రాసుకుని అందరమూ సంతకాలు చేశాము. అయిదు శాతం వరకు ఫార్మసిస్టు గారే సవరించి నాకు తెలియజేస్తారు, అయిదు నుండి పది శాతం మధ్య అయితే ముందు నన్ను అడుగుతారు, పిల్లల విషయంలో ప్రతిసారీ అడుగుతారు. నోటి మాటగా కాకుండా కాగితం మీద ఉండడం ఇద్దరికీ రక్షణ.

నివోలుమాబ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. తల, మెడ క్యాన్సర్ ముదిరిన దశలో ఉన్న రోగులకు మూడు వారాలకొకసారి కేవలం 20 మి.గ్రా. నివోలుమాబ్‌ను నోటి ద్వారా ఇచ్చే తక్కువ మోతాదు మందులతో జోడించి ముంబయిలోని టాటా మెమోరియల్ వైద్యులు పరీక్షించారు. ఏడాది తరువాత జీవించి ఉన్న వారు నోటి మందులు మాత్రమే తీసుకున్న వారిలో 16.3 శాతం, నివోలుమాబ్ కూడా తీసుకున్న వారిలో 43.4 శాతం. పూర్తి డోసు భరించలేని మన రోగులకు ఇది పెద్ద ఊరట. మరి అతి చిన్న వయల్ 40 మి.గ్రా. కదా! ఇద్దరు రోగులను ఒకే రోజున, ఒకే గంటలో జత చేయగలిగితేనే ఈ చికిత్స నిజంగా చవక అవుతుంది. ఆ జత కుదిర్చేది డే కేర్ సిస్టర్, ఫార్మసిస్టు కలిసి రాసుకునే పుస్తకమే.

ప్రమాదం మాట కూడా చెప్పి ముగిస్తాను. ట్రాస్టుజుమాబ్, ట్రాస్టుజుమాబ్ ఎమ్టాన్సిన్, ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ మూడు వేర్వేరు మందులు. మొదటిది కిలోకు 6, రెండవది 3.6, మూడవది రొమ్ము క్యాన్సర్‌లో 5.4 మి.గ్రా. పేరులో సగం చదివి వయల్ తీస్తే ప్రాణం మీదికి వస్తుంది. వీటిని ఫ్రిజ్‌లో ఒకే అరలో ఉంచకండి, నేను చీటీ మీద పేరు కుదించి రాస్తే తిప్పి పంపండి.

కోస్తా ఫార్మసిస్టు

డాక్టరు గారికి, సిస్టర్ గారికి, అందరికీ కృతజ్ఞతలు. మరి రెండు సందేహాలు. గత నెల రాత్రి కరెంటు పోయి, జనరేటరు లైనులో మా ఫ్రిజ్ లేకపోవడంతో, తెల్లవారేసరికి లోపల 15 డిగ్రీలు చూపించింది. నాలుగు వయల్స్ పారవేశాము. అది సరైనదేనా? రెండవది, ఖాళీ వయల్స్‌ను మీరు ఏమి చేస్తున్నారు? మా వార్డు ఆయా ఒకరు, ఎవరో వచ్చి ఖాళీ సీసాలు కావాలని అడిగారని చెప్పినప్పటి నుండి నాకు ఆందోళనగా ఉంది.

హైదరాబాదు, క్యాన్సర్ ఫార్మసీలో ఇరవై ఏళ్ళుగా

రెండవది ముందు చెబుతాను, ఆలస్యం చేయకూడనిది అదే. 2024 మార్చిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్న ముఠా చేసిన పని ఇదే. ఆసుపత్రుల నుండి ఖరీదైన ఇమ్యూనోథెరపీ మందుల ఖాళీ వయల్స్ సేకరించి, వాటిలో ఫంగస్ వ్యాధులకు వాడే మందు నింపి, రోగులకు అమ్మారు. అరెస్టు అయిన వారిలో ఆసుపత్రి ఉద్యోగులు కూడా ఉన్నారు. మీ ఆయా ఆ మాట మీకు చెప్పడం ఎంతో మంచి పని, ఆమెను అభినందించండి, యాజమాన్యానికి ఈరోజే రాతపూర్వకంగా తెలియజేయండి. మా దగ్గర మందు తీసిన వెంటనే క్యాబినెట్ పక్కనే వయల్ లేబుల్ మీద చెరగని సిరాతో అడ్డంగా గీస్తాము, పెట్టెను రెండుగా చించుతాము. వాడిన వయల్స్, బ్యాచ్ నంబర్లు రిజిస్టరుతో సరిపోలాయని ఇద్దరు సంతకం చేసిన తరువాతనే సంచి సీలు వేస్తాము. కణాలను చంపే కీమో మందు అంటిన గాజును మామూలు గాజు వయల్స్‌కు వాడే నీలం డబ్బాలో వేయకూడదు. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం అది పసుపు వర్గంలో, సైటోటాక్సిక్ గుర్తుతో, దహనానికి వెళ్ళాలి.

ఫ్రిజ్ విషయానికి వస్తే, తొందరపడి పారవేయడం కూడా, తొందరపడి వాడడం కూడా సరి కాదు. అటువంటప్పుడు వయల్స్‌ను పనిచేస్తున్న ఫ్రిజ్‌లోకి మార్చి, "నిర్ణయం వచ్చే వరకు వాడరాదు" అని రాసి విడిగా పెట్టండి. ఎంత ఉష్ణోగ్రత, ఎన్ని గంటలు అన్న వివరాలతో తయారీ సంస్థ వైద్య సమాచార విభాగానికి రాయండి. కొన్ని గంటల వేడిని తట్టుకుంటుందని తమ పరీక్షల ఆధారంగా వారు రాతపూర్వకంగా ధ్రువీకరించిన మందులు ఉన్నాయి. అయితే ఎన్ని గంటలన్నది చెప్పడానికి డేటా లాగర్ (ఉష్ణోగ్రతను ఎడతెగకుండా నమోదు చేసే పరికరం) ఉండాలి. ఉదయం, సాయంత్రం చూసి రాసే పుస్తకం రాత్రి ఏమి జరిగిందో చెప్పలేదు. హద్దు దాటగానే ఫోనుకు సందేశం పంపే లాగర్ ఖరీదు ఒక్క వయల్ ఖరీదు ముందు చాలా తక్కువ. జనరేటరు లైను ఈ వారమే వేయించండి. ఇళ్ళలో వాడే ఫ్రిజ్ అయితే ఫ్రీజర్ అరకు దగ్గరగా, వెనుక గోడకు ఆనించి వయల్స్ ఉంచకండి.

గడువు తీరే వయల్స్ గురించి మీరు మొదట్లో అడిగారు. ఖరీదైన మందులకు "కనీస నిల్వ" అన్న లెక్క వద్దు. రోగి పేరు, తరువాతి తేదీ ఉన్న జాబితాను బట్టి, రెండు రోజుల ముందు, రోగికి ఫోను చేసి వస్తున్నారని నిర్ధారించుకుని తెప్పించండి. నిల్వ తక్కువగా ఉండడం వలన ఇంకొక మేలు కూడా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుండి మందుల మీద జీఎస్టీ 12 నుండి 5 శాతానికి తగ్గి, డారాటుముమాబ్, అటెజోలిజుమాబ్, అలెక్టినిబ్ వంటి కొన్నింటికి పూర్తిగా తొలగినప్పుడు, పాత ధర ముద్రించిన పెట్టెలు ఎక్కువగా ఉన్న స్టోర్లు లెక్కలు సర్దుకోవడానికి చాలా ఇబ్బంది పడ్డాయి. రోగికి కొత్త ధరే వేయాలి కదా. ఒసిమెర్టినిబ్ వంటి మాత్రలను కొత్త రోగికి మొదటిసారి నెలకు సరిపడా ఇవ్వకుండా రెండు వారాలకే ఇవ్వండి, పడకపోతే మిగతా డబ్బు ఆ కుటుంబానికి మిగులుతుంది.

మీది ట్రస్టు ఆసుపత్రి కాబట్టి నేషనల్ క్యాన్సర్ గ్రిడ్‌లో సభ్యత్వం గురించి కూడా విచారించండి. 2012లో మొదలైన ఈ వ్యవస్థ సభ్య ఆసుపత్రుల తరఫున మందుల ధరలను ఉమ్మడిగా బేరమాడుతుంది, తొలి విడతలో 40 మందులకు అలా చేసింది. నెలకు పది వయల్స్ కొనే మీకు దొరకని ధర అందరూ కలిసి అడిగినప్పుడు దొరుకుతుంది.

కోస్తా ఫార్మసిస్టు

ఆయాను వెంటబెట్టుకుని ఈ మధ్యాహ్నమే సూపరింటెండెంటు గారిని కలిశాను. నేటి నుండి ఖాళీ వయల్స్ లెక్క నా దగ్గరే ఉంటుంది. క్యాబినెట్ పరీక్షకు, జనరేటరు లైనుకు ఇండెంట్ పెట్టాను. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో మి.గ్రా. లెక్క పెట్టడానికి వారం పడుతుందన్నారు. అది పూర్తయ్యే వరకు ట్రాస్టుజుమాబ్ రోగుల మిగులును, క్యాబినెట్ పరీక్ష కూడా కాలేదు కనుక, పారవేస్తూనే ఉంటాము. ఎంత పారవేశామో రోజువారీగా రాసి యాజమాన్యానికి చూపిస్తాను. డాక్టరు గారూ, మీ ఒక పేజీ విధానపు నమూనాను, మీ ఆసుపత్రి పేరు తీసివేసి, ఇక్కడ ఉంచగలరా?

మెడికల్ ఆంకాలజిస్టు, గుంటూరు

తప్పకుండా. రేపు ఓపీ ముగిసిన తరువాత ఉంచుతాను. మీ డాక్టరు గారితో కలిసి చదివి, మీ స్టోరులో దొరికే వయల్ సైజులకు తగినట్లు పట్టికను మార్చుకోండి. మా పట్టిక మా దగ్గర ఉన్న సైజులకు మాత్రమే సరిపోతుంది.